కరవు పీఠభూమిలో హరిత పైకప్పులు: గోరంట్ల ప్రాంతపు పెద్ద భవనాలకు వాననీటి లెక్క, వేడి లెక్క

సారాంశం

పెద్ద భవనాల కప్పుపై పలుచని మట్టి పొర పరచి మొక్కలు పెంచితే ఉరవడి వాన కొంత నిలుస్తుంది, గదులలోనికి దిగే వేడి తగ్గుతుంది. ఈ పద్ధతి చల్లని దేశాలలో, ఏడాది పొడవునా వాన పడే చోట్ల రూపు దిద్దుకొన్నది. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే గోరంట్ల ప్రాంతంలో దీనిని యథాతథంగా అనుసరిస్తే కప్పుపై ఆవిరయ్యే నీరు, కుంటకు చేరవలసిన నీటి నుండే తరుగుతుంది. ఒక హెక్టారు కప్పును నమూనాగా తీసుకొని నీటికి, వేడికి జమాఖర్చు వేసి, కప్పులో ఏ భాగాన్ని పచ్చగా ఉంచాలో, ఏ భాగాన్ని నీటి సేకరణకు వదలాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: హరిత పైకప్పు, ఉరవడి వాన, బాష్పోత్సేకం, తెల్లపూత కప్పు, వాననీటి సేకరణ, గోరంట్ల

ఉపోద్ఘాతం

శ్రీ సత్యసాయి జిల్లాలోని గోరంట్ల మండలం 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండేది. నైరుతి ఋతుపవనాలకు పడమటి కనుమలు అడ్డు. ఈశాన్య ఋతుపవనాలకు తూర్పు తీరం దూరం. అందువల్ల ఈ పీఠభూమి రెండు ఋతుపవనాలకూ దూరపు చుట్టమే. తేలికపాటి ఎర్రనేలలు, వేరుశనగ పంట, అడుగంటే బోరుబావులు ఇక్కడి వ్యవసాయానికి గుర్తులు.

ఇటువంటి నేలపై ఇటీవలి సంవత్సరాలలో విశాలమైన కప్పులు లేచాయి. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. గోరంట్ల మండలం పాలసముద్రం వద్ద కస్టమ్స్, పరోక్ష పన్నుల శిక్షణకై ఏర్పడిన జాతీయ అకాడమీ ‘నాసిన్’ ప్రాంగణం 2024 జనవరి 16న ప్రారంభమైంది. బెంగళూరు రహదారి వెంట గిడ్డంగులు, విద్యాసంస్థలు, కల్యాణ మండపాలు పెరుగుతున్నాయి. నిన్నటి వరకు వాననీరు ఇంకిన భూమిలో కొంత భాగం నేడు కాంక్రీటు, రేకుల కింద ఉన్నది.

కరవు ప్రాంతానికి వరద బాధ ఉండదనుకోవడం పొరపాటు. 2021 నవంబరులో చిత్రావతి పొంగి పరీవాహక గ్రామాలను ముంచింది. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగాయి. ఏడాది వానలో గణనీయమైన భాగం కొద్ది రోజులలో, కొద్ది గంటలలో కురవడమే ఇక్కడి స్వభావం. కనుక పెద్ద కప్పు రెండు ప్రశ్నలను కలిపి అడుగుతుంది: కుండపోతగా పడిన నీటిని వంకపై ఒక్కసారిగా వదలకుండా ఎలా ఆపాలి? ఆపిన నీటిని ఎండకు పోగొట్టుకోకుండా ఎలా వాడుకోవాలి?

మట్టిమిద్దె నేర్పిన పాఠం

కప్పుపై మట్టి మోయడం రాయలసీమకు కొత్త కాదు. దూలాలపై దంతెలు పేర్చి, వాటిపై కట్టెలు లేదా బండలు పరచి, బోద వేసి, మట్టి దట్టించి, పైన చవుడు పోసిన మిద్దెలు ఇక్కడి పల్లెలలో తరతరాలుగా ఉన్నాయి. చవుడులోని సోడియం వల్ల బంకమట్టి కణాలు విడివడి రంధ్రాలను పూడుస్తాయి. నీరు కిందికి దిగదు. పొలంలో పైరుకు హాని చేసే గుణం మిద్దెపై రక్షణగా మారింది. మందమైన మట్టి పగటి వేడిని నిదానంగా పీల్చుకొని ఆలస్యంగా లోపలికి పంపుతుంది. అందుకే మధ్యాహ్నం మిద్దె కింద చల్లగా ఉంటుంది. రాత్రి ఆ వేడి గదిలోనికి దిగే వేళకు ఇంటివారు మిద్దెపైనో ఆరుబయటో పడుకొంటారు.

ఈ నిర్మాణం మూడు హెచ్చరికలను కూడా అందిస్తుంది. మొదటిది, మిద్దెపై మొలిచిన గడ్డిని పెద్దలు ఎప్పటికప్పుడు పీకివేస్తారు. వేరు దిగిన దారినే నీరు దిగుతుంది. రెండవది, వానకాలానికి ముందు చవుడు మళ్లీ పోయాలి; సంరక్షణ లేని కప్పు నిలవదు. మూడవది, ముసురు పట్టిన రోజులలో పాత మిద్దెలు కూలుతాయి; నీరు తాగిన మట్టి బరువును గోడలు, దూలాలు భరించలేకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. వేరు, సంరక్షణ, బరువు అనే ఈ మూడు అంశాలే ఆధునిక హరిత పైకప్పు జయాపజయాలను నిర్ణయిస్తాయి.

హరిత పైకప్పు నిర్మాణం

కాంక్రీటు పలకపై మొదట నీటి నిరోధక పొర, దానిపై వేరు నిరోధక పొర, ఆపైన నీరు పారే పొర, మట్టి జారిపోకుండా వడపోత బట్ట, చివరగా మట్టి మిశ్రమం, మొక్కలు వరుసగా ఉంటాయి. మిశ్రమం మందం 15 సెంటీమీటర్లకు లోబడి, తక్కువ సంరక్షణతో సాగేది పలుచని రకం. అంతకు మించిన మందంతో పొదలు, చిన్న చెట్లు పెంచేది దట్టమైన రకం. విశాలమైన వాణిజ్య భవనాలకు సాధారణంగా పలుచని రకమే ఆచరణ యోగ్యం.

పది సెంటీమీటర్ల మిశ్రమం నీటితో నిండినప్పుడు చదరపు మీటరుకు సుమారు 120 నుండి 140 కిలోలు తూగుతుంది. మనుషులు తిరగని రేకుల కప్పులను సాధారణంగా చదరపు మీటరుకు 75 కిలోల తాత్కాలిక భారాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందిస్తారు. నడవడానికి వీలైన కాంక్రీటు డాబాలకు ఆ భారం 150 కిలోలు. తాత్కాలిక భారానికి కేటాయించిన బలాన్ని శాశ్వతంగా మట్టితో నింపరాదు. కాబట్టి ఇప్పటికే కట్టిన రేకుల షెడ్లపై ఈ పద్ధతిని సూచించకూడదు. కాంక్రీటు డాబాపై కూడా నిర్మాణ ఇంజనీరు పరిశీలన లేకుండా ఒక్క తట్ట మట్టి కూడా ఎత్తరాదు. కొత్త భవనమైతే ఈ భారాన్ని నమూనా దశలోనే లెక్కించాలి.

వాననీటి లెక్క

ఒక హెక్టారు, అనగా 10,000 చదరపు మీటర్ల కప్పుపై ఒక మిల్లీమీటరు వాన పడితే 10,000 లీటర్లు. గంటలో 40 మిల్లీమీటర్ల వాన కురిస్తే 4 లక్షల లీటర్లు. గట్టి కప్పు నుండి ఇందులో పదింట తొమ్మిది వంతులు జారిపోతాయనుకొంటే గంటకు 3.6 లక్షల లీటర్లు, సెకనుకు సగటున 100 లీటర్లు కాలువలోనికి దూకుతాయి. పక్కన ఉన్న చిన్న వంక తట్టుకోలేనిది ఈ వేగాన్నే.

అదే కప్పుపై పది సెంటీమీటర్ల మిశ్రమం ఉన్నదనుకొందాం. ఎండిన స్థితి నుండి నిండే వరకు దాని ఘనపరిమాణంలో 30 శాతం నీటిని పట్టుకొంటే, అది 30 మిల్లీమీటర్ల వానకు సమానం. పై వానలో మొదటి 30 మిల్లీమీటర్లు మట్టిలోనే నిలుస్తాయి. మిగిలిన 10 మిల్లీమీటర్లు, అనగా లక్ష లీటర్లు, ఆలస్యంగా మెల్లగా దిగుతాయి.

అయితే ఈ లెక్క మట్టి పొడిగా ఉన్నప్పుడే చెల్లుతుంది. నిన్న వాన పడి మిశ్రమం నిండి ఉంటే, మొక్కలు ఒక రోజులో ఖాళీ చేసిన 3, 4 మిల్లీమీటర్ల చోటు మాత్రమే నేటి వానకు మిగులుతుంది. అల్పపీడనం వల్ల వరుసగా వానలు పడే అక్టోబరు, నవంబరు నెలలలో హరిత పైకప్పు ఉరవడిని ఆలస్యం చేయగలదేమో కాని, నీటి మొత్తాన్ని పెద్దగా తగ్గించలేదు. వానను ఆపేది మట్టి కాదు, మట్టిలోని ఖాళీ. ఆ ఖాళీని మళ్లీ సృష్టించేది బాష్పోత్సేకం.

ఇక ఏడాది లెక్క చూడాలి. 550 మిల్లీమీటర్ల వానకు హెక్టారు కప్పుపై పడేది 55 లక్షల లీటర్లు. చిన్న జల్లులు కప్పును తడిపి ఆరిపోతాయి కనుక గట్టి కప్పు నుండి 85 శాతం, అనగా దాదాపు 47 లక్షల లీటర్లు తొట్టికి పట్టవచ్చు. కప్పంతా హరితమైతే, వానలో సగం మట్టిలో నిలిచి ఆవిరవుతుందని మితంగా అంచనా వేసినా, దిగువకు చేరేది 27.5 లక్షల లీటర్లే. తేడా సుమారు 19 లక్షల లీటర్లు. వేరుశనగకు ఊడలు దిగి కాయలు ఊరే దశలో బెట్ట ఏర్పడినప్పుడు ఎకరాకు 10 మిల్లీమీటర్ల రక్షక తడి ఇవ్వడానికి 40,000 లీటర్లు కావాలి. ఈ తేడా నీటితో సుమారు 47 ఎకరాలకు ఒక రక్షక తడి ఇవ్వవచ్చు. వరద తగ్గించిన నీరు ఊరికే మాయం కాలేదు. అది గాలిలోనికి పోయింది.

వేడి లెక్క

గాలిలోనికి పోయిన నీరు వ్యర్థం కాదు. అది పోతూ వేడిని తీసుకొనిపోతుంది. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2.45 మెగాజౌళ్ల శక్తి అవసరం. రోజుకు 4 మిల్లీమీటర్లు ఆవిరైతే చదరపు మీటరుకు 9.8 మెగాజౌళ్లు ఖర్చవుతాయి. ఈ ప్రాంతంలో వేసవి రోజున చదరపు మీటరుపై పడే సౌరశక్తిని సుమారు 23 మెగాజౌళ్లుగా తీసుకొంటే, ఐదింట రెండు వంతులకు పైగా ఎండ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. దీనికి తోడు ఆకులు నీడనిస్తాయి, మట్టి మందం మిద్దెలోవలె వేడిని ఆలస్యం చేస్తుంది, నీటి నిరోధక పొర నేరుగా ఎండకు పగలకుండా ఎక్కువ కాలం మన్నుతుంది.

కాని ఏప్రిల్ నెలలో కప్పుపై మట్టిలో తడి ఎక్కడిది? నిండుగా ఉన్న 30 మిల్లీమీటర్ల నిల్వ రోజుకు 4 మిల్లీమీటర్ల చొప్పున వారం రోజులలో తరిగిపోతుంది. ఆపైన నీరు కట్టకపోతే మొక్కలు నిద్రాణమవుతాయి లేదా ఎండిపోతాయి. అప్పుడు మిగిలేది మట్టి మందం ఇచ్చే రక్షణ మాత్రమే. చల్లదనం అత్యవసరమైన కాలంలోనే ఆవిరి ద్వారా వచ్చే చల్లదనం ఆగిపోతుంది.

ఇక్కడ తెల్లపూతతో పోలిక అవసరం. సాధారణ కాంక్రీటు కప్పు ఎండలో 30 శాతాన్ని, శుభ్రంగా ఉన్న తెల్లపూత 70 శాతాన్ని తిప్పి పంపుతాయనుకొంటే తేడా 40 శాతం. అనగా చదరపు మీటరుకు రోజుకు 9.2 మెగాజౌళ్లు. రోజుకు 4 లీటర్ల నీరు చేసే పనికి దాదాపు సమానమైన పనిని తెల్లపూత చుక్క నీరు లేకుండా చేస్తుంది. దానికీ లోపాలున్నాయి. గాలిదుమ్ము పేరుకొంటే ప్రతిఫలనం తగ్గుతుంది కనుక కప్పును కడుగుతూ ఉండాలి. అది వానను ఏమాత్రం ఆపదు. కాని కడిగిన కప్పు నుండి వచ్చే నీరు తొట్టికి శుభ్రంగా చేరుతుంది.

వేసవి తడికి నీరు

పలుచని హరిత పైకప్పును వేసవిలో సజీవంగా ఉంచడానికి రోజుకు కనీసం 2 మిల్లీమీటర్లు అవసరమనుకొంటే హెక్టారుకు 20,000 లీటర్లు. మార్చి నుండి మే వరకు సుమారు 18 లక్షల లీటర్లు. ఇది ఆ కప్పుపై ఏడాదిలో కురిసే వానలో మూడవ వంతు. ఈ నీటిని బోరుబావి నుండి తోడితే, భవనాన్ని చల్లబరచడానికి పొరుగు రైతు చెలకను ఎండబెట్టినట్లే అవుతుంది. బోరునీటిపై ఆధారపడే హరిత పైకప్పును ఈ ప్రాంతంలో ప్రోత్సహించరాదు.

దీనికి ప్రత్యామ్నాయం ఆ ప్రాంగణంలోనే ఉన్నది. కార్యాలయాలలో తలకు రోజుకు 45 లీటర్ల వాడకాన్ని భారతీయ ప్రమాణాలు సూచిస్తాయి. వెయ్యిమంది పనిచేసే చోట 45,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగుగా వస్తే 36,000 లీటర్లు. శుద్ధి చేసిన ఈ నీరు, ఎయిర్ కండిషనర్ల నుండి కారే నీరు కలిస్తే కప్పు అవసరానికి సరిపోతాయి. అయితే శుద్ధి చేసిన నీటిలో లవణాలు ఉంటాయి. వేసవి నాలుగు నెలలు కడిగే వాన లేకుండా పలుచని మట్టిలో ఆ నీరు ఆవిరవుతూ ఉంటే లవణాలు అక్కడే మిగులుతాయి. మిద్దెపై కోరి పోసిన చవుడు ఇక్కడ కోరకుండానే తయారవుతుంది. కనుక నీటి విద్యుద్వాహకతను, సోడియం అధిశోషణ నిష్పత్తిని తరచుగా పరీక్షించాలి.

మిశ్రమం, మొక్కలు

ఎర్రమట్టిని ఒక్కదానినే కప్పుపై పోయరాదు. అది తడిసినప్పుడు బరువెక్కుతుంది, ఎండినప్పుడు పైపొర గట్టిపడుతుంది, సన్నని కణాలు వడపోత బట్టను పూడుస్తాయి. నలగగొట్టిన ఇటుక ముక్కలు ప్రధానంగా, కొంత ఎర్రమట్టి, మాగిన కొబ్బరి పొట్టు లేదా వేరుశనగ పొట్టు కలిపిన మిశ్రమం మేలు. సేంద్రియ పదార్థం ఐదవ వంతుకు మించరాదు. అది కుళ్లి మిశ్రమం కుంగుతుంది. తాజా ఎరువు వేస్తే కప్పు నుండి దిగే నీటిలో నత్రజని, భాస్వరం కొట్టుకొనివస్తాయి. అటువంటి నీటిని నేరుగా బోరుబావి రీచార్జికి పంపకుండా తోటలకు మళ్లించాలి.

చల్లని దేశాలలో పేరుపొందిన సీడమ్ జాతుల స్థానంలో ఇక్కడి ఎండకు అలవాటుపడిన గంగపాయల కూర, నాచుపువ్వు, నల్లేరు, కలబందలను పరిశీలించవచ్చు. నల్లేరు, కలబంద పగలు పత్రరంధ్రాలను మూసి రాత్రి తెరుస్తాయి. అందువల్ల అవి కరవును ఓర్చుకొంటాయి, కాని పగటి వేళ ఆవిరిని, దానితో పాటు చల్లదనాన్ని తక్కువగా ఇస్తాయి. గంగపాయల కూర తడి ఉన్నప్పుడు సి4 పద్ధతిలో చురుకుగా పెరిగి, బెట్టలో కామ్ పద్ధతికి మారగలదు. ఇటువంటి మొక్క వానకాలంలో మట్టిని త్వరగా ఖాళీ చేస్తుంది, వేసవిలో ప్రాణం నిలుపుకొంటుంది. గరికను నాటరాదు, దాని వేర్లు, కాండాలు అతుకుల గుండా చొరబడతాయి. ఎండిన గడ్డి నిప్పుకు ఆహారమవుతుంది కనుక గడ్డి జాతులను పరిమితంగానే వాడాలి.

ఇతర ప్రాంతాల అనుభవం

తెలుగు నేలపై ప్రసిద్ధమైన ఉదాహరణ హైదరాబాదులో హైటెక్ సిటీ సమీపాన ఉన్న సిఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. దీనిని 2004 జూలై 14న నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించారు. సుమారు 20,000 చదరపు అడుగుల ఈ వర్తులాకార భవనపు కప్పులో సగానికి మించిన భాగం పచ్చగా ఉంటుంది. వాడిన నీటిని మొక్కల వేరు మండలం ద్వారా శుద్ధి చేసి మళ్లీ తోటలకే వాడతారు. పచ్చదనం, మురుగునీటి శుద్ధి ఒకే వ్యవస్థలో జతపడటమే ఇందులో గ్రహించవలసిన విషయం.

అమెరికాలోని డియర్‌బార్న్ నగరంలో ఫోర్డ్ ట్రక్కుల కర్మాగారంపై 2003లో పది ఎకరాలకు పైగా సీడమ్ పరచారు. రూజ్ నదిలోనికి పారే వాననీటిని అదుపు చేయడం అక్కడి ప్రధాన లక్ష్యం. టొరంటో నగరం 2009లో పెద్ద భవనాలకు హరిత పైకప్పును తప్పనిసరి చేస్తూ శాసనం ఆమోదించింది. ఆ రెండు చోట్లా వాన, మంచు ఏడాది పొడవునా పంచుకొని పడతాయి. నీటిని వదిలించుకోవడమే వారి సమస్య. గోరంట్లకు నీటిని నిలబెట్టుకోవడం సమస్య. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం వాణిజ్య భవనాలకు చల్లని కప్పును తప్పనిసరి చేసింది. వేడి విషయంలో గోరంట్లకు ఇది దగ్గరి దారి.

గోరంట్లకు తగిన విభజన

పై లెక్కలను కలిపి చూస్తే కప్పంతా పచ్చగా ఉండటం గాని, అంతా తెల్లగా ఉండటం గాని సరైనది కాదు. హెక్టారు కప్పులో నాలుగవ వంతు, అనగా 2,500 చదరపు మీటర్లు, మనుషులు ఎక్కువసేపు కూర్చునే గదులపైన, బలమైన కాంక్రీటు భాగంలో హరితంగా ఉంచవచ్చు. దీనికి వేసవిలో రోజుకు 5,000 లీటర్ల శుద్ధి చేసిన నీరు చాలు. మిగిలిన 7,500 చదరపు మీటర్లకు తెల్లపూత వేసి నీటి సేకరణకు వదలాలి. అప్పుడు 40 మిల్లీమీటర్ల వానకు తెల్లకప్పు నుండి వచ్చేది 2.7 లక్షల లీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల లోతు గల తొట్టి దీనిని పూర్తిగా పట్టుకొంటుంది. ఇంచుమించు ఒక సేద్యపు కుంట అంతే.

మట్టికి చెప్పిన సూత్రమే తొట్టికీ వర్తిస్తుంది. నిండిన తొట్టి వరదను ఆపదు. మట్టిని మొక్కలు ఖాళీ చేస్తాయి. తొట్టిని మనుషులే ఖాళీ చేయాలి. వాన వెలిసిన రెండు మూడు రోజులలో ఆ నీటిని వాడకానికి, వడపోత తరువాత భూగర్భ రీచార్జికి, పరిసర పొలాల కుంటలకు తరలించే ఏర్పాటు ముందే ఉండాలి.

విద్యార్థులకు ఒక పరిశీలన

ఖరీదైన పరికరాలు లేకుండానే ఈ అంచనాలను స్థానికంగా సరిచూడవచ్చు. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు గల మూడు తొట్లను డాబాపై ఉంచి, అడుగున నీరు దిగే గొట్టం అమర్చాలి. ఒకదానిలో కాంక్రీటు బిళ్ల, రెండవదానిలో మొక్కలు లేని మిశ్రమం, మూడవదానిలో మొక్కలున్న మిశ్రమం పది సెంటీమీటర్లు నింపాలి. దిగిన నీటిని సీసాలో పట్టి, తొట్లను ప్రతి ఉదయం తూచాలి. వాన గాని, నీరు దిగడం గాని లేని రోజున తొట్టి బరువు 250 గ్రాములు తగ్గితే ఒక మిల్లీమీటరు నీరు ఆవిరైనట్లు. పక్కన వర్షమాపకం, తొట్ల అడుగున ఉష్ణమాపకం ఉంచి ఒక పూర్తి సంవత్సరం నమోదు చేస్తే, ఈ వ్యాసంలో అంచనాగా తీసుకొన్న 30 శాతం నిల్వ, రోజుకు 4 మిల్లీమీటర్ల ఆవిరి వంటి అంకెల స్థానంలో గోరంట్ల ఎండ, గోరంట్ల వాన చెప్పిన అంకెలు నిలుస్తాయి.

ముగింపు

హరిత పైకప్పు ఉరవడిని ఆపడం, వేడిని తగ్గించడం అనే రెండు పనులనూ ఒకే సాధనంతో చేస్తుంది. ఆ సాధనం నీటిని ఆవిరి చేయడం. నీరు పుష్కలంగా ఉన్న చోట ఇది వరం, కరవు సీమలో ఖర్చు. ఆ ఖర్చును వాడిన నీటితో భరించగలిగినంత మేరకే కప్పును పచ్చగా ఉంచాలి. మిగిలిన కప్పు తెల్లగా ఉండి వానను కుంటకు పంపాలి. గోరంట్లలో పెద్ద కప్పు కట్టే సంస్థకు విస్తరణ శాస్త్రవేత్త ఇచ్చే సలహా ఏ మొక్క నాటాలనే దానితో గాక, ఏ నీటితో పెంచుతారనే ప్రశ్నతో మొదలుకావాలి.